అమ్మవారి కోడికి ముడ్డి కడిగిన రోజులు

నా చేతులతో నేను ముడ్డి కడిగిన ప్రాణులు ఈ లోకంలో రెండే. ఒకటి నా కూతురు, రెండోది ఒక పెట్టకోడి. కూతురు కాస్త పెద్దదయ్యాక తన పని తను చేసుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు హైదరాబాదులో హాస్టల్లో ఉండి, శుభ్రత గురించి నాకే ఫోన్లో పాఠాలు చెబుతోంది. కోడి మాత్రం చివరిదాకా నా మీదే ఆధారపడింది. ఇద్దరిలో బుద్ధిగా కూర్చుని కడిగించుకున్నది ఎవరని అడిగితే, కన్నతల్లిని గనుక పైకి చెప్పను గానీ, జవాబు మీకు అర్థమయ్యే ఉంటుంది.

మా ఇల్లు చౌటుప్పల్‌లో, హైవేకి కొంచెం లోపలికి, ప్లాట్లు చేసి అమ్మిన కొత్త కాలనీలో ఉంది. సగం ప్లాట్లలో ఇళ్లు, సగం ప్లాట్లలో సర్కారు తుమ్మ. నేను ఆ దగ్గర్లోనే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. మా ఆయన ఇంకో కంపెనీ బస్సు నడుపుతాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇంట్లో అందరినీ వదిలేసి నన్ను పట్టుకుంది. దవాఖానలో మూతికి ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టారు. మా అత్త అప్పుడు ఊళ్లో ఉంది. బస్సులు లేవు, వచ్చినా లోపలికి రానివ్వరు. ఏం చేయాలో తోచక ఆమె ఊరి చివర ముత్యాలమ్మ దగ్గరికి పోయి, తలుపు లేని ఆ చిన్న గుడి ముందు కొంగు పరిచి మొక్కుకుందట. "నా కోడల్ని పానంతోని ఇంటికి తోలు తల్లీ. నా ఇంట్ల పొదిగిచ్చి, నా చేత్తోని సాదిన పెట్టను నీకిస్త" అని.

నేను ఇంటికొచ్చాను. జుట్టు సగం రాలిపోయింది, నడిస్తే ఆయాసం. నోరు మాత్రం పూర్తిగా తిరిగొచ్చింది. నన్ను బతికించింది ముత్యాలమ్మా, సిలిండరా అన్న చర్చ మా ఇంట్లో చాలాకాలం నడిచింది. నేను సిలిండర్ పార్టీ.

"సిలిండర్ లేకుంటే నీ కోడలు గోడ మీద ఫోటోల ఉంటుండె అత్తమ్మా," అన్నాను ఒకసారి.

"అందరు సిలిండర్ లేదు సిలిండర్ లేదు అని మొత్తుకుంటుంటే నీకెట్ల దొరికింది? ఎవరు తోలిచ్చినరే?" అంది మా అత్త.

దానికి నా దగ్గర జవాబు ఉండి ఉంటే ఈ కోడి మా ఇంట్లోకి వచ్చేదే కాదు.

నాకు నీరసం తగ్గలేదని, నన్ను చూసుకోవడానికి మా అత్త ఊరు వదిలి మా దగ్గరికి వచ్చేసింది. ఒక సంచిలో చీరెలు, ఒక గంపలో కోడి, పాతగుడ్డల మూటలో గుడ్లు. ఇంటి వెనక ప్రహరీ మూలకు జాగా చూసి పొదగేసింది. పిల్లలైతే చాలానే లేచాయి. కొన్నిటిని గద్ద ఎత్తుకుపోయింది, కొన్నిటిని పక్క సందు పిల్లి తిన్నది, ఒకటి నీళ్ల సంపులో పడింది. చివరికి మిగిలిన ఒక గోధుమరంగు పెట్టకు మా అత్త పసుపు దారం కట్టింది. చుట్టాలొచ్చినప్పుడు ఆగలేక ఎవరూ కోసెయ్యకుండా గుర్తన్నమాట. ఆ దారం కట్టినప్పటి నుంచీ అది మా కోడి కాదు, అమ్మవారి కోడి.

ముత్యాలమ్మ పండుగ శ్రావణంలో వస్తుంది. ఆ యేడు శ్రావణానికి అది ఇంకా గుప్పెట్లో పట్టే పిల్ల. మరుసటి యేడు మా పాలివాళ్లలో ఒక ముసలాయన సరిగ్గా పండుగకు ముందు కన్నుమూసి, ఇంటిపేరు వాళ్లందరికీ పండుగ లేకుండా చేశాడు. అన్నాళ్లు ఆగినవాడు ఇంకో వారం ఆగలేకపోయాడా అని నేనంటే, మా అత్త నన్ను కళ్లతోనే కొట్టింది. ఆమె బాధ ఆమెది. మొక్కు తీరలేదు. నా ప్రాణం మీద పెట్టిన మొక్కు. ఆమె లెక్కలో నేను ఇంకా పూర్తిగా బతికినట్టు కాదు. నేను తుమ్మితే ఆమె నావైపు కాకుండా కోడివైపు చూసేది. నాకు జ్వరం తగిలితే కోడికి మరో దోసెడు జొన్నలు పడేవి. అది బాగుంటే నేను బాగుంటాను, అది అమ్మకు చేరితే నేను నిలుస్తాను. ఇంత పెద్ద బాధ్యత తన మీద ఉన్నదని తెలియని ఆ కోడి, పొద్దంతా పెంట కెలుక్కుంటూ తిరిగేది.

మూడో యేడు మృగశిర వానలు పడ్డాక ఒకరోజు మా అత్త వెనక నుంచి నన్ను పిలిచింది. కోడిని చంకలో పెట్టుకుని, దాని తోక పైకెత్తి చూపించింది.

"గిది చూసినవా. ముడ్డి నిండ పెంట గట్టుకుపోయింది."

చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. తోక కింద మెత్తటి ఈకలన్నీ రెట్టతో అట్ట కట్టి, ఎండి, దాని వెనక ఒక పిడక వేలాడుతున్నట్టు ఉంది. ఈగలు ముసురుతున్నాయి.

"కోడి ముడ్డికి పెంట గాకుంటే పన్నీరు ఉంటదా అత్తమ్మా," అన్నాను.

"వేరే కోడికైతే ఉండనీ. గిది అమ్మకు ఇచ్చేది. మచ్చలేకుంట ఉండాలె. పుండు వడ్డ కోడిని, కుంటి కోడిని, గబ్బు కోడిని ఇస్తే అమ్మ మొకం మీదనే కొడతది. ఎవలి పానం మీద మొక్కిందో యాదికున్నదా?"

ఉన్నది. మా ఇంట్లో దాన్ని మరిచిపోనిచ్చేవారు ఎవరు గనుక.

మొదటిసారి కడిగినప్పుడు నేను చేసింది అంతా తప్పే. పెరట్లో నల్లా కింద పెట్టి, చల్లటి నీళ్లు ఒక్కసారి కుమ్మరించాను. అది కాలనీ మొత్తం వినేలా అరిచి, నా చీరె చింపి, మా ఆయన బండి మీదికి ఎగిరి, అక్కడి నుంచి పక్కింటి గోడ ఎక్కింది. ఎండిన రెట్టను చేత్తో పీకబోతే ఈకలు కూడా ఊడొచ్చి చర్మం ఎర్రగా తేలింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఏం జేస్తున్నరు చెల్లె?" అని అడిగింది. కోడి ముడ్డి కడుగుతున్నానని చెప్పడానికి నోరు రాక, పట్టుకుంటున్నా అన్నాను. సాయంత్రానికి కాలనీకి అసలు సంగతి తెలిసిపోయింది. మా అత్తే చెప్పింది, గర్వంగా.

మర్నాడు దాన్ని బుట్టలో వేసుకుని పశువుల దవాఖానకు పోయాం. బర్రెల మధ్య, గొర్రెల మధ్య మా వంతు కోసం కూర్చున్నాం. డాక్టరు తోక ఎత్తి చూసి, ఏం పెడుతున్నారు దీనికి అని అడిగాడు. మా అత్త ఇష్టంగా చెప్పుకొచ్చింది. పొద్దున చాయ్‌లో నానిన బిస్కెట్టు, పగలు పెరుగన్నం, సాయంత్రం మిగిలిన కూర, మధ్యమధ్య జొన్నలు. అమ్మవారి కోడి బక్కగా ఉండకూడదు కదా.

"అవ్వా, ఇది కోడా, కొత్తల్లుడా?" అన్నాడు ఆయన.

అంత తిండికి కడుపు చెడి రెట్ట పలచబడిందని, పలచటి రెట్టే ఈకలకు అంటుకుంటుందని చెప్పాడు. బిస్కెట్లు బందు. నూకలు, జొన్నలు, ఆకుకూర, శుభ్రమైన నీళ్లు, అంతే. కడుపులో పురుగులకు మందు రాశాడు. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి కడగాలి, పీకకూడదు, బాగా అట్టకట్టిన ఈకల్ని కత్తెరతో కొసలు తీయాలి, తడి లేకుండా ఆరబెట్టాలి. వానాకాలం గనుక అశ్రద్ధ చేస్తే ఈగలు అక్కడ గుడ్లు పెట్టి పురుగు పడుతుందని, అప్పుడు కోడి దక్కదని అన్నాడు. ఆ చివరి మాట వినగానే మా అత్త నా చెయ్యి పట్టుకుంది. కోడిని కాదు, నన్ను.

ఇంటికొచ్చాక బిస్కెట్టు మానిపించడమే పెద్ద పని అయ్యింది. కోడి ఊరుకుంది గానీ మా అత్త ఊరుకోలేదు. నోరు లేని జీవి అని, ఆశపడుతుందని, నేను డ్యూటీకి పోయాక దొంగచాటుగా పెట్టేది. రెట్ట చూస్తే తెలిసిపోయేది నాకు. పొద్దున పోయేటప్పుడు మనిషి ముఖం చూడాలంటారు. నేను ఆ కోడి వెనక భాగం చూసి పోయేదాన్ని.

ఇక కడిగే సంగతి. మా కంపెనీలో లోపలికి పోవాలంటే తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు గ్లౌజులు, ఒంటికి గౌను. చేతులు ఎట్లా కడగాలో గోడ మీద బొమ్మలు వేసి ఉంటాయి. ఆ చదువంతా తెచ్చి నేను కోడి వెనక పెట్టాను. ఆదివారం పొద్దున ఎండ కొంచెం ఎక్కాక, పాత ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చటి నీళ్లు, కాస్త ఉప్పు. నీళ్ల వేడి మోచేత్తో చూసేదాన్ని, పసిపిల్లకు చూసినట్టే. మా అత్త దాని రెక్కలు ఒంటికి అదిమి పట్టుకునేది. నేను దాని వెనక భాగాన్ని నీళ్లలో ముంచి, ఊరికే కూర్చునేదాన్ని. నానేదాకా ముట్టుకోకూడదు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. నానాక రెట్ట దానంతటదే జారుతుంది. వేళ్ల కొసలతో ఈక పెరిగిన దిక్కుకే మెల్లగా జార్చాలి. తరువాత మంచి నీళ్లు. తరువాత తువ్వాలు. ఎర్రబడ్డ చోట వేపనూనెలో కలిపిన పసుపు. తువ్వాలుతో ఒత్తి తుడిచి నేల మీద వదిలితే, అది ఒళ్లంతా పెంచి ఒక్క విదిలింపు విదిలించి, నా ముఖం మీద నీళ్లు చల్లి ఎండలోకి పోయేది. అదే దాని కృతజ్ఞత.

ఆ తరువాత పేలు. తోక కింద, ఈకల మొదట్లో తెల్లగా బియ్యపు నూక అతికించినట్టు పేల గుడ్లు కనిపించాయి. మా అత్త దీనికి మందు బూడిదే అంది. ఊళ్లో అయితే పొయ్యిలో ఎంతైనా బూడిద, కాలనీలో అందరివీ గ్యాసు పొయ్యిలు. హైవే పక్కన కట్టెల పొయ్యి మీద చాయ్ కాసే హోటలుకు పోయి బూడిద అడిగాను. ఆయన గిన్నెలు తోమడానికా అన్నాడు. కోడి పొర్లడానికి అన్నాను. ఇంకేం మాట్లాడకుండా సంచి నింపి ఇచ్చాడు. మెత్తటి దుబ్బ మట్టిలో ఆ బూడిద కలిపి ప్రహరీ మూలకు గుంత నింపితే, కోడి అందులో పడి పొర్లి, కాళ్లు చాపి, చచ్చినట్టు పడుకునేది. మొదటిరోజు నిజంగానే చచ్చిందనుకుని మా అత్త గుండె ఆగినంత పనయ్యింది.

ఈలోపు ఆ పేలలో కొన్ని నన్ను మెచ్చి నాతో వచ్చేశాయి. గాలిని కూడా వడగట్టి పంపే మా ప్యాకింగ్ గదిలో, పైనుంచి కింది దాకా తెల్లగా చుట్టుకుని నిలబడ్డ నా మోచేతి మీద గౌను లోపల కోడిపేను నడుస్తోంది. గోక్కోవడానికి లేదు. సూపర్‌వైజరు దగ్గరికొచ్చి, "ఏందమ్మా అట్ల మెలికలు తిరుగుతున్నవ్, ఒంట్ల బాగలేదా?" అన్నాడు. బాగానే ఉంది సార్ అన్నాను. ఇంటికి రాగానే ముందు నేను తలస్నానం చేశాను, తరువాత కోడికి కొత్త బూడిద పోశాను.

మా ఆయన ఇదంతా గడప మీద కూర్చుని చూసేవాడు. "నా బనియన్ గిట్ల ఉతికినవా ఎన్నడన్న?" అనేవాడు. బనియన్‌కు ముత్యాలమ్మ రికమండేషన్ లేదు కదా అనేదాన్ని. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, ఎన్నిరోజులు జేస్తదో చూస్త" అని ఎగతాళి చేశాడు గానీ, నీళ్లు వేడి చేసే పని క్రమంగా ఆయన చేతికే వచ్చింది.

కొన్ని ఆదివారాలు గడిచేసరికి కోడి మారిపోయింది. టబ్బు చప్పుడు వింటే తనే వచ్చేది. నీళ్లలో కూర్చోబెడితే నలుగుకు కూర్చున్న పెళ్లికూతురులా కళ్లు మూసుకునేది. రెక్కలు పట్టుకోవాల్సిన పనే లేదు. నెత్తి మీద నాలుగు చుక్కలు పడినా కదలదు. వెనక మీద నీళ్లు పోస్తే తోక తనే ఎత్తి, ఇదిగో ఇక్కడ అన్నట్టు నావైపు తిరిగేది. పట్టుకునే పని లేకపోయినా మా అత్త పక్కన పీట వేసుకుని కూర్చునేది. పెళ్లైన ఇన్నేళ్లలో మేమిద్దరం అంతంతసేపు ఒకచోట కూర్చున్నది ఆ టబ్బు దగ్గరే. తన పెళ్లప్పుడు తను ఎంత చిన్నదో, మా మామ ఎంత మొండివాడో, దవాఖాన నుంచి నా గురించి ఫోను వచ్చిన ప్రతిసారీ తను ఎట్లా గజగజ వణికిందో అక్కడే చెప్పింది. కోడి కూడా వినేది, కళ్లు మూసుకుని.

పేరు పెడదామన్నాను ఒకరోజు. "పేరు వెడితే కొయ్యరాదు," అంది మా అత్త, వెంటనే. నేను పేరు పెట్టలేదు. కానీ నాకు అది నచ్చిందన్న సంగతి దాచడం ఎందుకు. డ్యూటీ నుంచి రాగానే గేటు దాకా ఎదురొచ్చే ప్రాణి మా ఇంట్లో అదొక్కటే. శ్రావణం దగ్గర పడుతుంటే నేను రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"అత్తమ్మా, కోడికి బదులు కొబ్బరికాయ కొడితే ఏమైతది?" అని అడిగాను, మాట వరసకు అన్నట్టు.

ఆమె కోడి వీపు నిమురుతూ ఉంది.

"నీ పానం కొబ్బరికాయంతనా నాకు?" అంది.

ఆ తరువాత నేను మళ్లీ అడగలేదు.

శ్రావణమాసంలో ఒక ఆదివారం ఊళ్లో ముత్యాలమ్మ పండుగ. ముందురోజే పోయాం. పొద్దున ఊరంతా డప్పులు, బోనాలు, చేతుల్లో కోళ్లు. అందరి కోళ్లూ కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడుతున్నాయి. అన్నిటి వెనకలూ పెంటతోనే ఉన్నాయి. ఒక్క కోడి ముడ్డినీ ఎవరూ చూడటం లేదు. మాది మాత్రం బుట్టలో, మెత్తటి గుడ్డ మీద, వెనక ఈకలు దూదిలా విచ్చుకుని కూర్చుంది. ఆడవాళ్లు చూసి మెచ్చుకుంటుంటే మా అత్త, "నా కోడలు కడుగుతది," అని చెప్పింది అందరికీ. నా కొలువు గురించి కూడా ఆమె ఊళ్లో ఎన్నడూ అంత గొప్పగా చెప్పలేదు.

గుడి ముందు కత్తి పట్టుకుని నిలబడ్డది మా ఆయనకు చిన్నాయన వరస. మా ఇంటి కోళ్లు ఆయనే కోస్తాడు. కోసేముందు ఒక పద్ధతి ఉంది. వేపమండతో పసుపునీళ్లు కోడి మీద చల్లుతారు. అది ఒళ్లు విదిలించాలి. దాన్ని జడ్తి ఇవ్వడం అంటారు. జడ్తి ఇచ్చిందంటే అమ్మ ఒప్పుకున్నట్టు. ఇవ్వకపోతే అమ్మ ఆ మొక్కును తీసుకోలేదని అర్థం. మామూలుగా ఇదొక ఇబ్బందే కాదు. చల్లటి నీళ్లు మీద పడితే ఏ కోడైనా విదిలిస్తుంది. మా ముందు నాలుగిళ్ల కోళ్లు అట్లాగే ఇచ్చి పోయాయి.

మా అత్త దండం పెట్టుకుని, కోడిని అమ్మ ముందు దించి, వేపమండతో నీళ్లు చల్లింది.

కోడి కళ్లు మూసుకుంది.

మళ్లీ చల్లింది. కోడి ఇంకాస్త సర్దుకుని కూర్చుంది. డప్పులవాళ్లు ఊపు పెంచారు. చిన్నాయన, "జర ఎక్కువ పొయ్యి వదినె," అన్నాడు. ఎక్కువ పోసింది. దాని వీపు మీంచి పసుపునీళ్లు కారిపోతున్నాయి, కోడి మాత్రం కునికిపాట్లు పడుతోంది. చెవిలో ఊదారు. తల మీద తట్టారు. చివరికి చిన్నాయనకు విసుగొచ్చి, చెంబు అందుకుని దాని వెనక మీద కుమ్మరించాడు. కోడి మెల్లగా లేచింది. అందరూ ఊపిరి బిగబట్టారు. అది నిదానంగా వెనక్కి తిరిగి, తోక పైకెత్తి, తన శుభ్రమైన ముడ్డిని ముత్యాలమ్మకు చూపించి నిలబడింది.

నాకు నవ్వు పొంగుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా ఆయన ఎక్కడో ఆకాశంలోకి చూస్తున్నాడు. అమ్మవారి దగ్గర ఇంత మర్యాదగా వెనక తిప్పిన ప్రాణి ఆ ఊళ్లో ఇంకోటి ఉండి ఉండదు.

కానీ వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో ముసలమ్మ, "ఎవలి పానం మీది మొక్కు?" అని అడిగింది. ఇంకెవరో నన్ను చూపించారు. "అమ్మ ముడ్డి దిప్పిచ్చింది, మంచిగ లేదు," అంది ఆ ముసలమ్మ. నేను మా అత్త ముఖం చూశాను. నవ్వు అక్కడికక్కడే చచ్చిపోయింది.

ఆమె ముఖంలో రక్తం లేదు. వేపమండ కింద పడేసింది. నేల మీద కూర్చుండిపోయి, కోడి పక్కనే, రెండు చేతులూ జోడించింది.

"తల్లీ, నా కోడలి మీద కోపం వెట్టకు. దాని నోరు పెద్దది గని మనసు మంచిది. రెండేండ్లు ఆలిశమైంది, అది నా తప్పు. దాన్ని గట్లనే ఉండనీ. తీస్కపోవాల్నంటే నన్ను తీస్కపో."

సిలిండర్ పార్టీ మనిషిని. దేవుళ్ల మీద నాకున్న నమ్మకం గోరంత. కానీ నా కోసం ఒక మనిషి తన ప్రాణాన్ని అంత తేలిగ్గా, కూరగాయల బేరంలో కొసరు వేసినట్టు వేయడం నేను ఎన్నడూ చూడలేదు. కన్నతల్లి నన్ను చిన్నప్పుడే వదిలి పోయింది.

కోడి ఎందుకు విదిలించడం లేదో నాకు తెలుసు. ఎట్లా విదిలిస్తుందో కూడా తెలుసు. ఊరుకుంటే అది బతుకుతుంది. అమ్మ వద్దన్న కోడిని కోయరు, బుట్టలో వేసుకుని ఇంటికి తీసుకుపోవచ్చు. కానీ మా అత్త ఇక బతికినన్నాళ్లూ రోజూ నేను పోతానని చస్తూ ఉంటుంది. ఆలోచించడానికి పెద్ద సమయం లేదు, ఆలోచించాల్సింది కూడా ఏమీ లేదు. మా ఆయన భుజం మీది తువ్వాలు లాక్కున్నాను. కోడిని ఎత్తుకున్నాను. వెచ్చగా ఉంది. వెనకంతా ఒత్తి తుడిచాను, ఈక పెరిగిన దిక్కుకే. అది నా చంకలో తల పెట్టింది. తువ్వాలు తీసి అమ్మ ముందు నేల మీద వదిలాను.

అది ఒళ్లంతా పెంచి, మెడ నుంచి తోక దాకా ఒక్కసారి విదిలించింది. పసుపు చుక్కలు అమ్మ మీద, నా మీద, మా అత్త మీద పడ్డాయి.

"ఇచ్చింది, జడ్తి ఇచ్చింది," అని అరిచారు జనం. డప్పులు లేచాయి. మా అత్త ఆ చుక్కల్ని తన చెంప మీంచి తీసి నా నెత్తికి రాసింది. చిన్నాయన వంగాడు. నేను చూడలేదు, గుడి గోడ మీద సున్నం చూశాను.

మధ్యాహ్నం చేను గట్టు మీద వండుకున్నాం. నేను దూరంగా, ట్రాక్టరు నీడలో కూర్చున్నాను. మా అత్త ఇస్తరాకులో అన్నం, కూర పెట్టుకుని నా దగ్గరికే వచ్చింది. కందనకాయ, కార్జం, మంచి ముక్కలన్నీ నాకే. మొక్కు ఎవరి మీదో వాళ్లే మొదట తినాలి. నేను చెయ్యి కడుక్కున్నాను గానీ ముద్ద కలపలేకపోయాను.

"అత్తమ్మా, తువ్వాలుతోని తుడుస్తే ఇస్తదని నాకొక్కదానికే ఎరుక. నేను తుడవకుంటే ఇయ్యాల అది ఇంటికి వస్తుండె," అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆమె నా పక్కన కూర్చుంది.

"నీకొక్కదానికే ఎందుకైతది బిడ్డా. ఐతారం ఐతారం నీ పక్కన పీటేసుకొని కూసున్నది నేనే గద."

నేను ఆమె ముఖంలోకి చూశాను. "మరి నువ్వెందుకు తుడవలే?"

"కోడిని ఇయ్యనీకి చెయ్యి రాలే," అంది మా అత్త. "అందుకే నన్ను తీస్కపొమ్మన్న."

ఆమె ఇస్తరి నా ముందుకు జరిపి, తనే ముద్ద కలిపి నా చేతిలో పెట్టింది. "తిను, సల్లారితది," అంది. నేను తిన్నాను. ఆమె ఆ కూర ముట్టలేదు. నేను తిన్నంతసేపూ నన్నే చూస్తూ కూర్చుంది.